రాకెట్ గర్భంలోని రబ్బరు

సూళ్లూరుపేట వాసులకు రాకెట్ ప్రయోగం వింత కాదు. కలంగి నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం నుండి పులికాట్ సరస్సు మీదుగా వేసిన రహదారిలో సుమారు 18 కిలోమీటర్లు వెళ్తే శ్రీహరికోట వస్తుంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. అప్పటి నుండి ఈ ప్రాంతంలో మూడు తరాలు ఆ ఉరుము వింటూ పెరిగాయి. ప్రయోగం ఉన్న రోజున పిల్లలు మేడలెక్కుతారు. వెలుగు ముందు కనిపిస్తుంది, శబ్దం తరువాత వస్తుంది, కిటికీ రెక్కలు అదురుతాయి. రాకెట్ కనుమరుగైన తరువాత కూడా దట్టమైన తెల్లని పొగ చాలాసేపు గాలిలో నిలిచి ఉంటుంది.

ఆ పొగ దేనిదని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: కిరోసిన్ వంటి ద్రవమేదో ట్యాంకులో మండుతుంది అని. కొన్ని పై దశల విషయంలో ద్రవ ఇంధనమన్న మాట నిజమే. కాని పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో గాని, చంద్రయాన్-3ను మోసుకుపోయిన ఎల్.వి.ఎం.-3 రాకెట్‌కు ఇరువైపులా ఉన్న బూస్టర్లలో గాని ద్రవం చుక్క కూడా మండదు. అక్కడ మండేది ఘన పదార్థం. చేతితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయి, తిరిగి పైకి వచ్చే ఒక విధమైన రబ్బరు. ఆ తెల్లని పొగలో అధిక భాగం ఆ రబ్బరులో కలిపిన అల్యూమినియం పొడి కాలిపోగా మిగిలిన ఆక్సైడు.

ఈ రబ్బరు ఎలా సాగుతుంది, ఎంత సాగితే తెగుతుంది, చల్లారితే ఎంత ముడుచుకొంటుంది అన్న లెక్క రాకెట్ శాస్త్రంలో ఒక పెద్ద శాఖ. పత్రికలు దాని జోలికి పెద్దగా పోవు. ఉపగ్రహానికి, వ్యోమగామికి ఫొటోలుంటాయి. ఇంధనపు దిమ్మె లోపలి ఒత్తిడికి ఫొటో ఉండదు కదా! అయినా రేపు గగన్‌యాన్‌లో కూర్చొనే మనుషుల ప్రాణాలు చాలావరకు ఈ లెక్క మీదనే ఆధారపడి ఉన్నాయి.

పల్లీ చిక్కీని తలచుకొంటే ఈ పదార్థపు నిర్మాణం సులభంగా బోధపడుతుంది. చిక్కీలో బరువంతా పల్లీలదే. బెల్లం పాకం వాటిని పట్టి ఉంచుతుంది, అంతే. ఘన ఇంధనంలో పల్లీల స్థానంలో అమ్మోనియం పెర్‌క్లోరేట్ స్ఫటికాలు, అల్యూమినియం పొడి ఉంటాయి. పాకం స్థానంలో హెచ్.టి.పి.బి. అనే సింథటిక్ రబ్బరు ఉంటుంది. స్ఫటికాలు మంటకు ప్రాణవాయువును అందిస్తాయి. అల్యూమినియం వేడిని పెంచుతుంది. రబ్బరు తాను కూడా మండుతూ మిగతావాటిని పట్టి ఉంచుతుంది. మొత్తం బరువులో ఈ రబ్బరు నూటికి పదిహేను పాళ్ళు కూడా ఉండదు. పోలిక ఇంతవరకే. చిక్కీని వంచితే ఫెళ్ళున విరుగుతుంది. రాకెట్ ఇంధనం అలా విరగకూడదు.

ఎందుకు విరగకూడదో చూద్దాం. ఘన ఇంధనం ఉపరితలం మీద మాత్రమే మండుతుంది. దిమ్మె నడుమ ఒక పొడవాటి బోలు ఉంటుంది. మంట ఆ బోలు గోడ మీద అంటుకొని, లోపలి నుండి బయటికి పొర తరువాత పొరగా తింటూ పోతుంది. ఏ క్షణాన ఎంత ఉపరితలం మండాలో ముందుగానే లెక్క కట్టి ఆ బోలు ఆకారాన్ని నిర్ణయిస్తారు, ఎల్.వి.ఎం.-3 బూస్టరు పై ఖండంలో అది నక్షత్రాకారంలో ఉంటుంది. ఇప్పుడు ఆ గోడలో ఒక పగులు ఏర్పడిందనుకొందాం. మంట పగులులోకి దూరుతుంది. మండే ఉపరితలం పెరుగుతుంది, వాయువు పెరుగుతుంది, పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే ఈ పదార్థం ఇంకా వేగంగా మండుతుంది. ఆ పెరుగుదల హద్దు దాటితే ఉక్కు తొడుగు పగిలిపోతుంది. పగులు లోపల కాక, దిమ్మె తొడుగుకు అతుక్కొన్న చోట ఏర్పడితే మరో ప్రమాదం. మంట ఆ సందు గుండా రావలసిన సమయం కంటే ముందే ఉక్కును చేరుతుంది. ద్రవ ఇంధనపు ఇంజనులో తేడా వస్తే కవాటం మూసి ఆపవచ్చు. ఘన ఇంధనాన్ని ఒకసారి అంటించాక ఆపడమంటూ లేదు.

ఈ చిక్కు పాతదే. పదమూడవ శతాబ్దంలో సిరియాకు చెందిన హసన్ అల్ రమ్మాహ్ సురేకారాన్ని శుద్ధి చేసే పద్ధతిని, రాకెట్ల తయారీని గ్రంథస్థం చేశాడు. మన దక్షిణాదిన హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల సైన్యం నల్లమందును ఇనుప గొట్టాలలో కూరింది. కాగితం, వెదురు గొట్టాల కంటే ఇనుము ఎక్కువ పీడనానికి ఓర్చుకొంటుంది కనుక ఆ రాకెట్లు ఎక్కువ దూరం పోయాయి. 1780 సెప్టెంబరులో కాంచీపురం సమీపాన పొల్లిలూరు యుద్ధంలో ఆంగ్లేయులు వాటి దెబ్బ చవిచూశారు. రెండేళ్ళ తరువాత, 1782 డిసెంబరులో, హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే అన్న సంగతి ఈ జిల్లాల వారిలోనే చాలామందికి తెలియదు. గొట్టం సమస్యను ఇనుము తీర్చింది గాని మందు సమస్య అలాగే మిగిలింది. గట్టిగా కూరిన నల్లమందుకు సాగే గుణం లేదు. బండ్ల మీద కుదుపులకో, ఎండావానల మార్పుకో అది బీట వారితే రాకెట్ ఉన్నచోటనే పేలే ప్రమాదం ఉండేది.

1940లలో అమెరికా శాస్త్రవేత్తలు నల్లమందును వదలి, రోడ్డు తారులో ఆక్సీకరణ లవణాన్ని కలిపి చూశారు. ఎండకు అది మెత్తబడి జారింది, చలికి పెళుసెక్కి పగిలింది. తారు తరువాత రబ్బరు రంగంలోకి వచ్చింది. అక్కడి నుండి పని రసాయన శాస్త్రంతో పాటు గణిత శాస్త్రం చేతిలో కూడా పడింది.

గణితం ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే పరాటా పిండి దగ్గరకు వెళ్ళాలి. పిండి ముద్దను అప్పటికప్పుడు లాగి వదిలితే వెనక్కు ముడుచుకొంటుంది. అదే ముద్దను లాగి, కాసేపు అలాగే పట్టి ఉంచి వదిలితే అంతగా ముడుచుకోదు. పట్టుకొని ఉన్నంతసేపట్లో లోపలి బిగువు మెల్లగా సడలిపోయింది. అందుకే మన ఇళ్ళల్లో పిండిని కలిపి, తడిగుడ్డ కప్పి, అరగంట ‘నానబెడతారు’. ఆ తరువాతే అది చెప్పినట్లు వింటుంది. స్ప్రింగులా వెనక్కు లాగే గుణం, తేనెలా మెల్లగా జారే గుణం ఒకే పదార్థంలో కలిసి ఉండడాన్ని శాస్త్రజ్ఞులు స్నిగ్ధ స్థితిస్థాపకత అంటారు. రాకెట్ ఇంధనానికి ఉన్నది ఈ గుణమే.

ఉక్కు విషయంలో లెక్క సులభం. మామూలు పరిస్థితుల్లో ఇంత బలానికి ఇంత సాగుతుందని ఒక్క సంఖ్యతో చెప్పవచ్చు. రబ్బరు ఇంధనాన్ని అలా అడిగితే ఎదురు ప్రశ్న వేస్తుంది: ఎంత వేగంగా లాగారు? ఎంత వేడిలో లాగారు? లాగి ఎంతసేపు ఉంచారు? దాని జవాబు ఈ మూడింటి మీద ఆధారపడుతుంది. బూస్టరు జీవితంలో ఈ ప్రశ్నలన్నీ నిజంగానే ఎదురవుతాయి. పోతపోసిన దిమ్మె రోజుల తరబడి మెల్లగా చల్లారుతుంది. తరువాత నెలల తరబడి నిల్వలో తన బరువును తానే మోస్తూ ఉంటుంది. చివరకు నిప్పంటించిన క్షణాన, సెకనులో స్వల్ప భాగంలో, పదుల రెట్ల వాతావరణ పీడనం దాని మీద పడుతుంది. మెల్లని లాగుడుకు మెత్తగా లొంగే పదార్థం ఆకస్మికమైన దెబ్బకు గట్టిగా ఎదురు నిలుస్తుంది.

దీనికి నమూనా తయారు చేసే పద్ధతి వినడానికి ఆశ్చర్యంగా సరళమైనది. మోటారు సైకిలు వెనుక చక్రానికి ఉండే షాక్ అబ్జార్బరును చూడండి. అందులో ఒక స్ప్రింగు, నూనెలో కదిలే ఒక పిస్టను ఉంటాయి. స్ప్రింగు వెనక్కు తోస్తుంది, నూనె వేగాన్ని అడ్డుకొంటుంది. స్ప్రింగును, నూనె పిస్టనును ఒకదాని వెనుక ఒకటి కలిపితే బిగువు కాలంతో ఎలా సడలుతుందో చెప్పే గణిత రూపం వస్తుంది. 1867లో జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ ప్రతిపాదించిన భావనకు ఇది బొమ్మ. ఒక్క జంట చాలదు. ఒకటి సెకనులో సడలితే, మరొకటి గంటలో, ఇంకొకటి నెలలో సడలేట్లు అనేక జంటలను పక్కపక్కన పేర్చుతారు. ఆ జంటల విలువలను ప్రయోగశాలలో కొలిచి రాబట్టాలి. అందుకు ఇంధనం నుండి డంబెల్ ఆకారంలో చిన్న ముక్కలు కోసి, వేర్వేరు వేగాలతో, వేర్వేరు ఉష్ణోగ్రతలలో తెగేవరకు లాగుతారు.

నెలల తరబడి జరిగే సడలింపును తెలుసుకోవడానికి నెలల తరబడి యంత్రం ముందు కూర్చోనక్కరలేదు. చలిలో మెల్లగా లాగిన ముక్క, వెచ్చదనంలో వేగంగా లాగిన ముక్క ఒకే తీరుగా ప్రవర్తిస్తాయి. అంటే ఉష్ణోగ్రతను పెంచి కాలాన్ని కుదించవచ్చు. 1955లో విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనే ముగ్గురు దీనికి ఒక సూత్రాన్ని ఇచ్చారు. నేటికీ ఆ ముగ్గురి పేర్లతోనే అది వ్యవహారంలో ఉంది. కొన్ని గంటల పరీక్షతో నెలల ప్రవర్తనను అంచనా వేయగలగడం చిన్న సౌకర్యం కాదు.

కంప్యూటరు కూడా ఈ రబ్బరు దగ్గర తొలిరోజుల్లో తడబడింది. దిమ్మెను వేలాది చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో ప్రతిబలాన్ని లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వంతెనలకు, విమానాలకు చక్కగా పనిచేసింది. రబ్బరు మాత్రం నీటి వంటిది. ఆకారం మార్చుకొంటుంది గాని ఘనపరిమాణం తగ్గించుకోవడానికి దాదాపు ఒప్పుకోదు. ఆ మొండితనాన్ని మామూలు సమీకరణాలలో పెడితే దిమ్మె రాయిలా గట్టిదన్నట్లు తప్పుడు జవాబులు వచ్చేవి. 1965లో హెర్మన్ అనే ఇంజనీరు పీడనాన్ని వేరే రాశిగా తీసుకొని లెక్కించే మార్గం చూపాక గాని ఆ చిక్కు విడలేదు.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది. బాగా సాగదీసినప్పుడు రబ్బరు తాను తెగక ముందే స్ఫటికాల నుండి విడిపోతుంది. ప్రతి స్ఫటికం పక్కన కంటికి కనిపించని ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఘనపరిమాణం పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. పైకి ఏ పగులూ లేదు; లోపల మాత్రం పదార్థం మునుపటిది కాదు. గాలిలోని తేమ ఈ పట్టును ఇంకా బలహీనపరుస్తుంది. ఒక పక్క సముద్రం, మరో పక్క పులికాట్ సరస్సు ఉన్న శ్రీహరికోట వంటి దీవిలో తేమను అదుపులో ఉంచుతూ ఇంధనం తయారు చేయడం ఎంత జాగ్రత్తతో కూడిన పనో ఉప్పుగాలికి తుప్పు పట్టే ఇంటి గ్రిల్సును చూసే వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎల్.వి.ఎం.-3 బూస్టరు పేరు ఎస్-200. వ్యాసం 3.2 మీటర్లు. మూడు ఖండాలలో కలిపి 200 టన్నులకు పైగా ఇంధనం. ద్రవంగా కలిపిన పదార్థాన్ని ఖండంలో పోసి, వెచ్చగా ఉంచి, రబ్బరుగా గట్టిపరుస్తారు. గట్టిపడిన దిమ్మె లోపలి గోడకు అతుక్కొని ఉంటుంది. తరువాత చల్లారుస్తారు. ఈ రబ్బరు ఉక్కు కంటే సుమారు పది రెట్లు ఎక్కువగా ముడుచుకొంటుంది. స్థూలంగా లెక్క వేద్దాం: ముప్పై డిగ్రీలు చల్లారితే 3.2 మీటర్ల ఉక్కు వలయం వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. అంతే వ్యాసం ఉన్న రబ్బరును స్వేచ్ఛగా వదిలితే దాదాపు సెంటీమీటరు తగ్గుతుంది. కాని దానికి స్వేచ్ఛ లేదు. బయటి అంచు ఉక్కును పట్టుకొని ఉంది. కనుక ముడుచుకోవాలన్న తహతహ అంతా నడుమ బోలు గోడ మీద లాగుడుగా, ఉక్కుతో అతుకు మీద పీకుడుగా మారుతుంది. నిప్పంటించక ముందే, ఏ కుదుపూ లేకుండానే, దిమ్మె ఇంత బిగువును మోస్తూ ఉంటుంది. ఖండాల చివరలలో రబ్బరును ఉక్కుకు పూర్తిగా అంటించకుండా కొంత వదులుగా ఉంచడం ఈ పీకుడును తగ్గించడానికే.

ఇంత తెలిసినా లెక్క తప్పిన సందర్భాలు ఉన్నాయి. 1991 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో టైటాన్-4 రాకెట్ కొత్త బూస్టరుకు తొలి నేల పరీక్ష జరిపారు. మంట అంటుకొన్న రెండు సెకన్లలోపే అది పేలిపోయింది. ఇంధనం చెడిపోలేదు, తొడుగు బలహీనమైనదీ కాదు. ఖండాలు కలిసే చోట రబ్బరు దిమ్మె అంచు వాయు ప్రవాహంలోకి కొద్దిగా ఉబ్బింది. ప్రవాహం ఇరుకైంది. ఇరుకుకు పైన పీడనం పెరిగింది, కింద తగ్గింది. ఆ తేడా అంచును ఇంకా లోపలికి తోసింది. వాయు ప్రవాహాన్ని ఒకరు, రబ్బరు వంపును మరొకరు విడివిడిగా లెక్కించినంతకాలం రెండు కాగితాల మీదా అంతా బాగానే ఉంది. రెండింటినీ కలిపి లెక్కించినప్పుడు గాని ఈ విషవలయం కనబడలేదు. మరమ్మతు చూస్తే నవ్వు వస్తుంది: ఆ అంచును వాలుగా చెక్కారు. ఘన ఇంధనపు నమూనాల గురించి నేను చదివిన వాటిలో ఇంతగా ఆలోచింపజేసిన ఉదాహరణ మరొకటి లేదు.

1986 జనవరి 28న ఛాలెంజర్ నౌకతో పాటు ఏడుగురు వ్యోమగాములను బలిగొన్నది కూడా రబ్బరే. అది ఇంధనం కాదు, ఖండాల అతుకులో ఉండే వలయం. ఆ ఉదయపు చలికి అది బిగుసుకొని, సందు తెరుచుకొన్నంత వేగంగా తిరిగి ఉబ్బి మూయలేకపోయింది. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విచారణ సభలో ఒక రబ్బరు ముక్కను మంచు నీటిలో ముంచి, వెనక్కు రావడంలో దాని బద్ధకాన్ని అందరి కళ్ళ ముందు చూపాడు. ఉష్ణోగ్రతకు, కాలానికి రబ్బరులో ఉన్న సంబంధాన్ని అంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర ఈ విద్య చిన్నగా మొదలైంది. తుంబాలో వసంత్ గోవారికర్ నాయకత్వంలో ఘన ఇంధనాల పరిశోధన సాగింది. మర్హూమ్ డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరుగా తీర్చిదిద్దిన ఎస్.ఎల్.వి.-3లో నాలుగు దశలూ ఘన ఇంధనంవే. 1979 ఆగస్టు 10న అది విఫలమైంది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థ దెబ్బతినడం అందుకు కారణం. 1980 జూలై 18న అదే శ్రీహరికోట నుండి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. కలాం సాహెబ్‌ను మన కుటుంబాలలో క్షిపణుల మనిషిగా, రాష్ట్రపతిగా స్మరిస్తారు. ఆయన తొలినాళ్ళ పని రాకెట్లకు తేలికైన ఫైబర్‌గ్లాస్ తొడుగులు వంటివి తయారు చేయడమన్నది చాలామంది ఎరుగరు. ఎస్.ఎల్.వి.-3 మొదటి దశలో ఇంధనం తొమ్మిది టన్నుల లోపే. ఎస్-200లో దానికి ఇరవై రెట్లకు పైగా ఉంది. తొమ్మిది టన్నులతో చేసి చూసి నేర్చుకోవచ్చు. రెండు వందల టన్నులతో అలా నేర్చుకోవడం కుదరదు.

ఈ పనిలో ప్రాణాలు కూడా పోయాయి. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలోని ఘన ఇంధన విభాగంలో ఇంధనం అంటుకొని ఆరుగురు మరణించారు. ప్రయోగ వేదికకు దూరంగా, కెమెరాలు లేని చోట పనిచేసే వారు వారు. అన్నం డబ్బా పట్టుకొని ఉదయం బస్సెక్కి పులికాట్ దారిన వెళ్ళే ఉద్యోగుల ఇళ్ళలో ఆ తేదీ నేటికీ మరపునకు రాలేదు.

ఎస్-200ను 2010 జనవరి 24న శ్రీహరికోటలో తొలిసారి నేల మీద బిగించి మండించారు. మనుషులను మోసే రాకెట్ కోసం మార్పులు చేసిన బూస్టరును 2022 మే 13న పరీక్షించారు. అది 203 టన్నుల ఇంధనంతో 135 సెకన్లు మండింది. సుమారు 700 కొలతలు తీశారు. అలాంటి బూస్టర్లు రెండు, పైన ముగ్గురు వరకు మనుషులు. ఆపద వస్తే వ్యోమగాముల గదిని రాకెట్ నుండి లాగివేసే రక్షణ వ్యవస్థలో ఉన్న మోటార్లు కూడా ఘన ఇంధనంవే. మీట నొక్కిన మరుక్షణం బలం అందించగలవు కనుక వాటినే ఎంచుకొన్నారు. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుండే ఆ వ్యవస్థను మనుషులు లేకుండా పరీక్షించారు. చిన్న మోటారులోని దిమ్మె అయినా, పెద్ద బూస్టరులోని దిమ్మె అయినా రబ్బరు అడిగే ప్రశ్నలు అవే.

మన ఇళ్ళల్లో లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడిని, అమ్మాయిని చూడగానే కంప్యూటరు సైన్సు అనేస్తాం. తప్పు కాదు గాని, దారి అదొక్కటే కాదు. ఈ రబ్బరు లెక్కకు కావలసిన వారు వేరే ఉన్నారు: పాలిమర్ రసాయనం చదివిన వారు, పదార్థ శాస్త్రం చదివిన వారు, మెకానికల్ ఇంజనీరింగులో ఘన పదార్థాల యంత్రశాస్త్రాన్ని ఇష్టంగా చదివిన వారు, అవకలన సమీకరణాలకు భయపడని గణిత విద్యార్థులు. తిరువనంతపురంలోని అంతరిక్ష విజ్ఞాన సంస్థ ఈ రంగానికి ప్రత్యేకంగా ఏర్పడినదే. సూళ్లూరుపేటలోనో, నాయుడుపేటలోనో ఇంటర్మీడియట్ చదువుతున్న బిడ్డకు ఇంటి మేడ మీద నుండి ఇంత పెద్ద ప్రయోగశాల పొగ కనిపిస్తూ ఉండడం మరే ఊరి వారికీ సులభంగా దక్కని అవకాశం. 2019 నుండి ప్రజలు కూర్చొని చూడడానికి శ్రీహరికోటలో గ్యాలరీ కూడా తెరిచారు; పేరు నమోదు చేసుకొని వెళ్ళవచ్చు.

గణిత నమూనా ఎంత గొప్పదైనా దాన్ని గుడ్డిగా నమ్మే ఆచారం ఈ రంగంలో లేదు. ఖండంలో పోత పోసేటప్పుడు అదే మిశ్రమం నుండి కొంత పక్కకు తీసి, చిన్న పెట్టెలలో పోసి గట్టిపరుస్తారు. ఆ పెట్టెలలోని ఇంధనాన్ని డంబెల్ ముక్కలుగా కోసి లాగి చూస్తారు. గట్టిదనం, సాగుడు, తెగే బలం లెక్కతో సరిపోవాలి. మరికొన్నింటిని వయసు మీరనిచ్చి, కాలం గడిచే కొద్దీ రబ్బరు ఎంత పెళుసెక్కిందో కొలుస్తారు. పెద్ద ఖండాన్ని మాత్రం కోయలేరు గనుక ఎక్స్-కిరణాలతో, అతిధ్వని తరంగాలతో లోపల పగులు గాని, అతుకు వీడిన చోటు గాని ఉందేమో వెదుకుతారు. ఇవన్నీ సరిపోయాక గాని ఆ ఖండం ప్రయోగ వేదిక వైపు కదలదు.